నల్ల గుర్రం కొనేముందు బకెట్టెడు నీళ్ళు అడగండి

మహారాష్ట్రలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు గుర్రం కొనాలన్న ఆలోచన రాగానే మొదట గుర్తొచ్చేది నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళెగావ్ ఖండోబా జాతర. మార్గశిర మాసం బహుళ పక్షంలో, అంటే డిసెంబరు చివరనో జనవరి మొదట్లోనో, మన మల్లన్నకు మరాఠీ రూపంగా చెప్పుకొనే ఆ దేవుడి పేరిట జరిగే ఈ జాతరకు గుర్రాలు, గాడిదలు బారులు తీరి వస్తాయి. దేవుడే గుర్రమెక్కినవాడు కాబట్టి అక్కడ గుర్రం బేరానికి కొంత భక్తి కూడా తోడవుతుంది. అంత దూరం వెళ్ళనివారు పెండ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చేవారి దగ్గరో, మందలతో తిరిగే ధన్‌గర్ల దగ్గరో, పక్క ఊళ్ళో సాకి అమ్మే రైతు దగ్గరో కొంటారు. చేతిలో డబ్బు ఎక్కువగా ఉన్నవారు దత్త జయంతికి నందుర్బార్ జిల్లాలో తాపీ నది ఒడ్డున జరిగే సారంగ్‌ఖేడా సంతదాకా వెళ్ళివస్తారు. ఎక్కడ కొన్నా, నల్ల గుర్రమే కావాలని వెళ్ళినవారు అన్నిటికన్నా ముందు పరీక్షించవలసింది ఆ నలుపునే.

ఇది అనవసరమైన అనుమానం కాదు. 2022లో పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లా సునామ్‌కు చెందిన ఒక వ్యాపారి మేలుజాతి నల్ల మార్వాడీ గుర్రమని నమ్మి 22 లక్షల రూపాయలకు పైగా ధరకు బేరం కుదుర్చుకుని గుర్రాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. దానికి స్నానం చేయించగానే నలుపు నీళ్ళతో పాటు కారిపోయి, కింద నుంచి ఎర్రటి గోధుమ రంగు గుర్రం బయటపడింది. ఆ మీదట పోలీసు కేసు నమోదైంది. ఆ బకెట్టు నీళ్ళు డబ్బు చేతులు మారకముందే పోసి ఉంటే కేసు దాకా వెళ్ళే అవసరమే ఉండేది కాదు. మన వైపు సంతల్లో అంత పెద్ద బేరాలు అరుదు కావచ్చు గాని, సీసాడు జుట్టు రంగుకు అయ్యే ఖర్చు ఎక్కడైనా ఒక్కటే. ఆ ఖర్చుతో పెరిగే ధర మాత్రం కొనేవాడి ఆరాటాన్ని బట్టి ఉంటుంది. అందుకే సంతలో అడుగుపెట్టగానే నల్లది కావాలని నలుగురికీ చెప్పడం మంచిది కాదు. ఆ మాట దళారి చెవిన పడితే, సాయంత్రానికల్లా నల్ల గుర్రం దానంతట అదే మీ ముందుకు నడిచి వస్తుంది.

నలుపు అనేది ఏది?

సంతలో నల్ల గుర్రాన్ని ముష్కీ అంటారు, ఎర్ర గోధుమ ఒంటికి నల్ల జూలు, నల్ల తోక ఉన్నదాన్ని కుమ్మైత్ అంటారు. ఈ రెండింటి మధ్య, నీడలో చూస్తే నల్లగా, ఎండలో చూస్తే ముదురు గోధుమగా కనబడే గుర్రాలు చాలా ఉంటాయి. వాటిని నల్లవని అమ్మడంలో కొంత మోసమూ కొంత నిజమైన అయోమయమూ కలిసి ఉంటాయి. తేడా తెలియాలంటే నాలుగు చోట్ల చూడాలి: మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ, ముందుకాళ్ళ సంకల్లో, వెనక తొడలకు ముందున్న డొక్క భాగంలో. అక్కడ వెంట్రుకలు తేనె రంగులోనో ఇటుక రంగులోనో ఉంటే అది ముదురు కుమ్మైత్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అసలైన నల్ల గుర్రానికి మూతి మీది సన్నని నూగు కూడా నల్లగానే ఉంటుంది. అలాగని ఒంటి మీద ఎర్రజీర కనబడగానే బేరం వదులుకోనక్కరలేదు. మరాఠ్వాడా ఎండలో రోజంతా కట్టేసిన నల్ల గుర్రం వెంట్రుకల కొసలు చెమటకూ ఎండకూ మాడి ఎర్రబారుతాయి. వెంట్రుకలను వేళ్ళతో పాయ తీసి చూస్తే మొదలు నల్లగా, కొస ఎర్రగా ఉంటుంది. ఇది సహజం. రంగు పూసిన గుర్రంలో ఇది తిరగబడి, కొస నల్లగా, మొదలు ఎర్రగా లేదా తెల్లగా ఉంటుంది. కొన్ని వారాల క్రితం వేసిన రంగయితే ఈ ఒక్క గుర్తు చాలు.

జాతి పేరు చెప్పినప్పుడు కూడా కొంచెం ఆగి ఆలోచించాలి. కాఠియావాడీ జాతిలో నలుపు తప్ప మిగతా రంగులన్నీ ఉంటాయని ఆ జాతి లక్షణాల్లోనే చెబుతారు. కాబట్టి నల్ల కాఠియావాడీ అని ఎవరైనా గర్వంగా చూపిస్తే జాతి అయినా తప్పు కావాలి, రంగు అయినా తప్పు కావాలి. మార్వాడీలో నలుపు ఉంది. అయితే ఆ జాతి పుట్టిన రాజస్థాన్‌లో పాతకాలపు నమ్మకం ప్రకారం నలుపు చావుకూ చీకటికీ గుర్తు కాబట్టి అశుభం. ముఖాన తెల్లచార, నాలుగు కాళ్ళకూ తెలుపు ఉన్న పంచకల్యాణి శుభం. మన దగ్గర శనిదోషమంటూ నల్ల గుర్రపు లాడం కోసం వెతికేవారి వల్ల ఆ లెక్క కొంత మారింది. ఇక భీమా నది లోయలో పెంపకమై, మరాఠా అశ్వదళాల్లో పేరు తెచ్చుకుని, ఇప్పటికీ ధన్‌గర్ల సామాను మోస్తున్న భీమ్‌థడీ పొట్టి గుర్రం మన నేలకూ మన మేతకూ బాగా ఇమిడేది. చూపుకు మార్వాడీ అంత ఠీవి లేదని దాన్ని తక్కువ చేయడం నాకు నచ్చదు. రాళ్ళ దారిలో బరువు మోయవలసి వస్తే నేను దానినే ఎన్నుకుంటాను.

గుర్రప్పిల్లను కొనేవారికి ఇంకో ప్రమాదం ఉంది, అందులో ఏ రంగు సీసా ప్రమేయమూ లేదు. పుట్టినప్పుడు నల్లగా ఉండి, ఏడాదికేడాది తెల్ల వెంట్రుకలు కలుస్తూ ముందు బూడిద రంగుకు, తరువాత తెలుపుకు మారే గుర్రాలు ఉన్నాయి. మా మేనమామ ఒక సంతలో ఏడాదిన్నర వయసున్న నల్ల ఆడ గుర్రప్పిల్లను కొని ఎంతో ముచ్చటగా సాకితే, దానికి ఏడేళ్ళు వచ్చేసరికి మా ఇంటి ముందు దాదాపు తెల్ల గుర్రం నిలబడి ఉంది. అమ్మినవాడు అబద్ధమాడలేదు, మేమే అడగవలసింది అడగలేదు. ఈ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చేదే కాబట్టి, వాటిలో ఏ ఒక్కటీ తెల్లదో బూడిదదో కాకపోతే పిల్ల అలా మారదు. అందువల్ల పిల్లను కొనేటప్పుడు తల్లిని చూపించమని తప్పక అడగాలి, తండ్రి ఫోటో అయినా చూడాలి. పిల్ల కనురెప్పల చుట్టూ, చెవుల మొదళ్ళలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు కనబడితే అది మారబోతోందని అనుకోవచ్చు. విచిత్రమేమిటంటే నిజంగా నల్లబడబోయే పిల్ల పుట్టినప్పుడు తరచుగా ఎలుక రంగులో మసకగా ఉంటుంది.

కడిగించి చూడడం

గుర్రాన్ని కడిగి చూపమనడం అమ్మేవారిని అవమానించడం కాదు. ఎద్దును కొనేవాడు నాగలికి కట్టి చూస్తాడు, ఇదీ అంతే. పెద్దవారైతే "మామా, ఘోడా ధువూన్ దాఖవా" అని మర్యాదగా మరాఠీలో అడిగితే నిజమైన నల్ల గుర్రమున్నవారు సంతోషంగానే నీళ్ళు తెప్పిస్తారు. చలికి జబ్బు చేస్తుంది, ఇప్పుడే తోమాము, దేవుడి మొక్కు ఉంది లాంటి సాకులు వరుసగా మొదలైతే పక్క గుర్రం వైపు నడవడం ఉత్తమం. చలి నిజమైన ఇబ్బంది కూడా కావచ్చు కాబట్టి మధ్యాహ్నం ఎండలో, గోరువెచ్చని నీళ్ళతో, ఒంట్లో ఒక జానెడు భాగం మాత్రమే కడిగిస్తామని చెబితే ఆ సాకు తొలగిపోతుంది.

తెల్లని నూలు గుడ్డను సబ్బు నీళ్ళలో తడిపి, మెడ పక్కన, డొక్క దగ్గర, కాలి కింది భాగంలో వెంట్రుకల వాలుకు ఎదురుగా గట్టిగా రుద్దాలి. మట్టి, చెమట గుడ్డకు మాసిన గోధుమ రంగును అంటిస్తాయి. రంగయితే నలుపో ఊదా కలిసిన నలుపో దిగుతుంది. అయితే గుడ్డకు ఏమీ అంటలేదు కాబట్టి రంగు పూయలేదని తీర్పు చెప్పకండి. మనుషులు తలకు వేసుకునే గట్టి రంగు వెంట్రుకలోకి ఇంకిపోతే ఒక్క కడుగుడుకు వదలదు. అప్పుడు గుడ్డను పక్కనపెట్టి చర్మాన్ని చూడాలి. గుర్రం నుదుట తెల్లచుక్క ఉన్న చోట, కాళ్ళకు తెలుపున్న చోట వెంట్రుకల కింది చర్మం గులాబీ రంగులో ఉంటుంది, మిగతా చోట్ల నల్లగా ఉంటుంది. నుదుటి మీది నల్ల వెంట్రుకలను పాయ తీసినప్పుడు కింద గులాబీ చర్మం కనబడితే అక్కడ ఒక తెల్లచుక్క నల్లబడిందని అర్థం. అమాయకంగా కనబడే ఈ పరీక్షను దాటడం మోసగాడికి చాలా కష్టం.

చెవుల లోపల, తోక కింద, తొడల మధ్య సాధారణంగా రంగు సరిగా పట్టదు కాబట్టి అక్కడి వెంట్రుకలను బయటి వాటితో పోల్చాలి. డెక్క, చర్మం కలిసే అంచున నల్ల మరకలు ఉన్నాయేమో చూడాలి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసినా తప్పులేదు. జీను వేసి తిరిగిన గుర్రానికి వీపు మీద ఒరుపు పుండ్లు మానిన చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. పదేళ్ళు ఊరేగింపుల్లో తిరిగిందని చెప్పిన గుర్రం వీపు మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేకుండా నిగనిగలాడుతుంటే మెచ్చుకునే ముందు అనుమానించాలి. రంగు పూయడానికి కారణం ఎప్పుడూ జాతి మోసమే కానక్కరలేదు. ముసలి గుర్రం కణతల మీది నెరసిన వెంట్రుకలను, పాత గాయాలను, తామర మచ్చలను కప్పడానికీ పూస్తారు. జుట్టు రంగుల్లోని రసాయనాల వల్ల కొన్ని గుర్రాలకు చర్మం పొక్కి దురద పెడుతుంది. ఒళ్ళు గోడకు రుద్దుకుంటున్న గుర్రాన్ని గమనించండి.

సుడుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెడ కింద దేవమణి సుడి ఉంటే మంచిదని, కంటి కింద సుడి ఉంటే కన్నీరు పెట్టిస్తుందని నమ్మేవారు మన ఇళ్ళలోనూ మరాఠీ ఇళ్ళలోనూ ఉన్నారు. సుడి వల్ల గుర్రం నడక మారదు. కాని రేపు మీరు అమ్మబోతే కొనేవాడు దాన్ని లెక్కలోకి తీసుకుంటాడు కాబట్టి ధరలో మీరూ లెక్కలోకి తీసుకోవాలి. దానికన్నా పెద్ద ఉపయోగం మరొకటి ఉంది. ఒంటి నిండా నలుపే ఉన్న గుర్రాన్ని మరో నల్ల గుర్రం నుంచి వేరుచేసి గుర్తుపట్టడానికి సుడుల స్థానాలు బాగా పనికివస్తాయి. పావతిలో, అంటే కొన్న రసీదులో, ఎక్కవలసిన వివరాల్లో అదొకటి.

పళ్ళు, కాళ్ళు, ఊపిరి

వయసును అమ్మేవారి మాట మీద కాకుండా నోరు తెరిపించి నిర్ణయించుకోవాలి. ముందరి కొరుకుడు పళ్ళు పైన ఆరు, కింద ఆరు ఉంటాయి. పాలపళ్ళు రాలి, నడిమి జత రెండున్నరేళ్ళకు, దాని పక్క జత మూడున్నరకు, మూల జత నాలుగున్నరకు కొత్తవి వస్తాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. కింది పళ్ళ పైభాగంలో ఉండే నల్ల గుంటలు నడిమి జతలో ఆరేళ్ళకు, పక్క జతలో ఏడుకు, మూల జతలో ఎనిమిదికి సుమారుగా అరిగిపోతాయి. పై మూలపంటి మీద చిగురు దగ్గర నిలువు గాడి ఒకటి పదేళ్ళ ప్రాంతంలో మొదలై, పదిహేనుకు సగందాకా, ఇరవైకి కొసదాకా దిగుతుంది. వయసు తగ్గించి చూపడానికి పళ్ళలో గుంటలు చెక్కి నల్లగా కాల్చే పాత మోసం ఒకటుంది. గుంట ఉండి దాని చుట్టూ సహజంగా ఉండే తెల్లటి అంచు లేకపోతే అది చెక్కినదే. ముందుపళ్ళ అంచులు వింతగా అరిగి ఉంటే గుర్రానికి గాడి, అంటే మేత తొట్టి అంచు, కొరికే అలవాటు ఉండవచ్చు. "కాహీ ఖోడ్ ఆహే కా" (ఏమైనా చెడ్డ అలవాటు ఉందా) అని సూటిగా అడిగి, సమాధానం విన్నాక ఒక గంటసేపు దూరంగా కూర్చుని మీరే చూడండి. కరవడం, తన్నడం, గాడి కొరకడం లాంటి అయిబులు ఆ గంటలో చాలామటుకు బయటపడతాయి.

కాళ్ళ పరీక్షకు మెత్తటి ఇసుక కాకుండా గట్టి నేల కావాలి. పగ్గం వదులుగా పట్టుకుని ముందు నడిపించి, తరువాత పరుగులాంటి నడకలో ఎదురుగా రప్పించి, వెనక్కి పంపించి చూడాలి. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకెత్తుతుంది. నాలుగు డెక్కలనూ అరచేతితో తాకితే ఒకటి మిగతా వాటికన్నా వేడిగా ఉందేమో తెలుస్తుంది. లాడాలు తీయించి డెక్క అడుగు చూడడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది, ఆ పనికి నాల్‌బందును మీ ఖర్చుతో తెచ్చుకోండి. ముందుగా చెప్పకుండా తెల్లవారుజామున వెళ్ళి, ఇంకా కట్టు విప్పని గుర్రాన్ని చూడడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మేలైన పద్ధతి. నొప్పి తగ్గించే మందిచ్చి నడిపించే వీలు అప్పుడు తక్కువ, కాలు బిగుసుకుపోయిన గుర్రం మొదటి పది అడుగుల్లోనే దొరికిపోతుంది.

నిలకడగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, ఒంటి వేడి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. ఇవి డాక్టరు చూసేవే అయినా, మీకు తెలిసి ఉంటే ఏ మాత్రం తేడా కనబడినా ఆయనను అడగగలుగుతారు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గొలుసులా గడ్డలు, మానని పుండ్లు ఉన్న గుర్రాన్ని చేత్తో తాకకండి. అది గ్లాండర్స్ కావచ్చు. మనుషులకూ అంటుకునే ఈ వ్యాధికి టీకా లేదు, నిర్ధారణ అయిన జంతువును 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం కింద చంపవలసి వస్తుంది. కాబట్టి ఖరీదైన గుర్రమైతే ప్రభుత్వ పశువైద్యుని ద్వారా రక్త నమూనా తీయించి, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి ప్రయోగశాల నుంచి నివేదిక వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించేలా మాట్లాడుకోవాలి. జోరీగల వల్ల వ్యాపించే సర్రా జ్వరానికి కూడా అదే రక్తంతో పరీక్ష చేయించవచ్చు.

బేరం, పావతి

తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని దళారులు చేసే బేరం చూడడానికి బాగుంటుంది గాని, ఆ భాష రానివారు అందులో చేయి పెట్టకూడదు. ధరను నోటితో, సాక్షుల ముందు చెప్పించుకోండి. దళారికి ఎంత, ఎవరిస్తారు అనేది బయానా ఇచ్చేముందే తేలాలి. మొత్తం ఒకేసారి నగదుగా ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపి, కొంత భాగం వారం తరువాత ఇచ్చేలా ఒప్పించగలిగితే, ఆ వారమే మీకు రక్షణ.

సంత నిర్వాహకులు ఇచ్చే పావతిలో సాధారణంగా జంతువు, ధర, పేర్లు మాత్రమే ఉంటాయి. దానితో పాటు తెల్లకాగితం మీద మరాఠీలోనో తెలుగులోనో వేరే ఒప్పందం రాసుకోవాలి. గుర్రం మగదా, ఆడదా, ఖస్సీ చేసినదా (వట్టలు తీసినదా), ఎత్తు, పళ్ళను బట్టి వయసు, ఒంటి మీది ప్రతి తెల్లగుర్తు, సుడుల స్థానాలు రాసి, "దీని నలుపు పుట్టుకతో వచ్చినది, ఏ రంగూ పూయలేదు" అన్న వాక్యాన్ని విడిగా చేర్చి, అమ్మేవారి సంతకం, ఆధార్ నకలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండి తీరాలి, చట్టం దృష్టిలో గుర్రం కూడా సరుకే. తెలిసి మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఒక్క వాక్యం కాగితం మీద లేకపోతే ఈ రెండు చట్టాలనూ ఆశ్రయించడం కష్టమవుతుంది. జాతి నమోదు పత్రం ఉందంటే మైక్రోచిప్ సంఖ్యను యంత్రంతో చదివించి పత్రంలోని సంఖ్యతో సరిచూడాలి. పత్రం ఒక గుర్రానిదీ, పగ్గం మరో గుర్రానిదీ కావచ్చు. వాహనంలో ఎక్కించేముందు ప్రయాణానికి తగినదని పశువైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. నిజామాబాద్ వైపో ఆదిలాబాద్ వైపో సరిహద్దు దాటించేటప్పుడు అది పావతితో పాటు డ్రైవరు చేతిలోనే ఉండాలి.

ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు మిగతా గుర్రాలకు, గాడిదలకు దూరంగా కట్టేయండి. ధనుర్వాతం టీకా వెంటనే వేయించండి, ఆ జబ్బు గుర్రాన్ని పట్టినంత సులువుగా మరే పశువునూ పట్టదు. అమ్మినవారు పెట్టిన మేతనే మొదటి వారం కొనసాగించి, ఉలవ గుగ్గిళ్ళను కొద్దికొద్దిగా పెంచాలి. ఒక్కసారిగా ధాన్యం పెడితే కడుపునొప్పితో ప్రాణం పోవచ్చు. ఆవులకు పెట్టే కొన్ని రకాల దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రానికి విషం కాబట్టి పాకలో గంపలు మారకుండా చూసుకోవాలి.

ఫోటోల విషయం చివరికి ఉంచాను గాని కొన్న రోజునే చేయవలసిన పని అది. నాలుగు వైపుల నుంచి, ఎండలో, తేదీ కనబడేలా తీసి, ఆ రోజే మెడ మీద నుంచి గుప్పెడు వెంట్రుకలు కత్తిరించి కవరులో పెట్టండి. డిసెంబరులో కొన్న గుర్రానికి చలికాలపు బొచ్చు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలి కొత్తది మొలుస్తుంది. అప్పుడు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలనూ కొత్తగా మొలిచినవాటినీ ఆ కవరులోని వెంట్రుకల పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి. రంగు తేడా వస్తే ఒప్పందంలోని వాక్యం, ఈ కవరు, ఆ ఫోటోలు మూడూ కలిపి సాక్షులను వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు.